సగం గ్లాసు పాలు

నెక్కొండ నుంచి మొగిలమ్మ తన పెనిమిటిని హనుమకొండ దవాఖానకు తెచ్చేసరికే ఆయన పేగుకు చిల్లి పడింది. ఆపరేషనైతే చేశారు గానీ కుట్లు మానలేదు. గట్టయ్య చీపురుపుల్లయ్యాడు.

పక్క మంచం మీది కాశిబుగ్గ సాంబయ్యకూ అదే ఆపరేషన్. ఆయనకు మాత్రం పొద్దుమాపు గ్లాసెడు చిక్కటి బలం పాలు ఇస్తున్నారు. ఆపరేషన్ తర్వాత బలమైన తిండి పెడితే గాయం తొందరగా మానుతుందా అని మూడు దవాఖానలు కలిసి పరిశోధన చేస్తున్నాయి. సగంమందికి ఆ పాలు, సగంమందికి మామూలు గంజి. గట్టయ్యకు గంజి పడింది.

"మా ఆయనకు గూడ జర పొయ్యి బిడ్డా," అని రోగుల తిండి చూసుకునే యమున మేడమ్‌ను మొగిలమ్మ బతిమాలింది.

"నా చేతుల లేదమ్మా. ఎవరికి ఏదో కంప్యూటరే చీటీ తీసింది."

సాంబయ్య భార్య కట్టమ్మ ఇదంతా విన్నది. యమున అటు పోగానే గ్లాసు తెచ్చి గట్టయ్య నోటికి ఆనించింది.

"తాగు అన్నా. మా ఆయనకు సగం చాలు. నువ్వు ఫికర్ చెయ్యకు వదినే."

ఆనాటి నుంచి రోజూ అంతే. గట్టయ్య మొహం తేటపడింది. గాయం ఆరింది. గోడ పట్టుకొని నడిచాడు. అది చూసి యమున ఆశ్చర్యపోతే మొగిలమ్మ సంబురం పట్టలేకపోయింది.

"అంతా మా వదినె పుణ్యం బిడ్డా! తన పెనిమిటి పాలల్ల సగం పోసింది."

యమున మొహం మాడిపోయింది. పెద్ద డాక్టర్ శ్యాంసుందర్‌ను పిలుచుకొచ్చింది.

"లెక్క చెడింది. ఇద్దర్నీ పరిశోధనలోంచి తీసెయ్యండి," అన్నాడాయన, రోగుల వైపు చూడకుండానే.

మరునాటి నుంచి సాంబయ్యకూ గంజే. కట్టమ్మ మొగిలమ్మ వైపు చూడటం మానేసింది. గట్టయ్యను ఇంటికి పంపేనాటికి సాంబయ్య కుట్లు విచ్చుకొని చీము పట్టింది.

కొన్ని నెలలకు గట్టయ్యను చూపించడానికి మొగిలమ్మ దవాఖానకు వస్తే వార్డులో అందరి చేతుల్లోనూ బలం పాలే.

"మా పరిశోధన గెలిచిందమ్మా! పాలు తాగినోళ్లు తొందరగ లేస్తున్నరు. ఇగ ఎవ్వరికీ గంజి లేదు," అంది యమున మురిసిపోతూ.

"మరి సాంబయ్య అన్న?"

"సచ్చిపోయిండు గదా. ఆయన మా లెక్కల లేడమ్మా."

మొగిలమ్మ గట్టయ్యను బెంచీ మీద కూర్చోబెట్టి, ఆటో ఎక్కి కాశిబుగ్గ పోయింది. ఇల్లు అడుగుతూ పోయి తలుపు కొట్టింది. కట్టమ్మ బయటికొచ్చి ఆమెను కింది నుంచి మీది దాకా చూసింది.

"నీ మొగడు నడుస్తాండా?"

"నడుస్తాండు వదినే..."

"ఊళ్లె గూడ అందరికి చెప్పినవా, ఎట్ల నడుస్తాండో?"

కట్టమ్మ తలుపేసుకుంది.