చిల్లక్షరం

చాత్తుక్కుట్టి మాష్ చేతిరాతను చదవగలిగినవాణ్ణి కేరళలోని మా పొన్నానిలో నేనొక్కణ్ణే. బడిలో మాస్టారు ఉద్యోగం విరమించాక ఆయన రేవుల వెంట తిరిగి పోగుచేసిన పడవవాళ్ళ మాటలన్నీ పదకొండేళ్ళుగా నా టైపు దుకాణంలోనే అచ్చురూపం దాల్చాయి. అది సేవ అనుకున్నాను. స్వాధీనమని తెలియడానికి ఆయన ఇంటికి ఒక కంప్యూటరు రావలసివచ్చింది.

గ్రంథాలయంలో పనిచేసే రజీన దానికి మలయాళం నేర్పుతోంది. గళ్ళు గళ్ళుగా కనిపించినచోట అక్షరాలు వచ్చాయి.

"రా, వేలప్పా," అన్నారు మాష్. "పోయిన వారం నా పుస్తకం ముందుమాట నేనే కొట్టాను, తెలుసా?"

"అయితే నా దుకాణంలో ఇక చేపలమ్ముకోవాలి."

"నాకు మాత్రం తూకం తగ్గించకండి, వేలప్పేట్టా," అంది రజీన నన్ను అన్నను చేసి, తెరమీంచి చూపు తిప్పకుండానే. "మాషే, పాత కీబోర్డు ప్రోగ్రాం తీసేసి కొత్తది పెట్టాను."

ఆ తూకం మాటకు మాష్ పగలబడి నవ్వారు. పదకొండేళ్ళలో నా మాటకు ఆయన అలా నవ్విన గుర్తు లేదు.

చాయ పెట్టడానికి ఆయన వంటింట్లోకి వెళ్ళారు. ఫోను మోగితే రజీన వరండాలోకి వెళ్ళింది. ముందుమాట తెరమీదే ఉంది. వెతికే గడిలో 'వేలప్పన్' అని నా పేరు కొట్టాను. లేదు. మళ్ళీ కొట్టాను. లేదు. రజీన పేరు కొట్టాను. చిట్టచివరి వాక్యంలో అది పసుపుపచ్చగా వెలిగింది. పదకొండేళ్ళ కళ్ళకు చోటు లేదు; నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకు వెలుగు! చదివే ఓపిక కూడా లేకపోయింది. ఆ వాక్యం మొత్తం చెరిపేశాను.

మాష్ చాయ గ్లాసు నా చేతికిచ్చారు. "చివరి వాక్యం చదువు. నీకు చూపించాలనే పిలిచాను."

అక్కడ ఖాళీ ఉంది. లోపలికి వచ్చిన రజీన తెరవైపు, ఆపైన నావైపు చూసింది.

"నా చెయ్యి తగిలినట్టుంది, మాషే," అంటూ కూర్చుని రెండు మీటలు నొక్కింది. వాక్యం తిరిగివచ్చింది.

'నా గీతలు చదివి చదివి అలసిన వేలప్పన్ కళ్ళకు విశ్రాంతి ఇవ్వాలనే ఈ వయసులో రజీన దగ్గర టైపు నేర్చుకున్నాను.'

చాయ గ్లాసు బల్లమీద పెట్టాను.

"నా పేరు వెతికాను. లేదంది," అన్నాను.

అది ఒప్పుకోలని రజీనకు అర్థమైంది, మాష్‌కు కాలేదు.

"మీ పేరు చివరి పొల్లు 'న్' చిల్లక్షరం కదా, వేలప్పేట్టా. పాత కీబోర్డు దాన్ని మూడు ముక్కలు అతికించి రాసేది. కొత్తది ఒకే ముక్కగా రాస్తుంది. మన కంటికి రెండూ ఒకటే. దీని లెక్కలో మాత్రం మీరు ఇద్దరు మనుషులు."

"ఆ రెండోవాడు మంచివాడేనా?" అన్నారు మాష్.

రజీన లేచి, కుర్చీ నాకిచ్చింది. నా పేరులోని చివరి అక్షరం చెరిపి ఒకే ముక్కగా మళ్ళీ కొట్టాను. చూపుకు ఏమీ మారలేదు.