నేను సర్దిన గది

ముప్పై ఏళ్ళు స్టోర్‌కీపరుగా చేశాను. బోల్టుల డబ్బాలో నట్టు కనిపిస్తే నాకు అన్నం సయించేది కాదు. అలాంటివాడికి దొరికిన భార్య ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు రాసే మనిషి. ఆవిడ గదిలో నేలంతా చీటీల కుప్పలే. పదకొండేళ్ళుగా గుమ్మం దగ్గరే నిలబడి సణుక్కుని వెళ్ళిపోయేవాణ్ణి.

గుండె ఆపరేషనుకు ఆవిడ ఆసుపత్రిలో చేరగానే నా చేతులు ఊరుకోలేదు. రెండు రోజులు కూర్చుని, చీటీలన్నీ సైజులవారీగా కట్టలు కట్టి అలమరలో పేర్చాను. ఆ సంగతి ఆవిడకు గొప్పగా చెప్పాను.

"కిటికీ కిందవి కూడానా అండీ?"

"ఒక్కటి వదిలితే ఒట్టు!"

కాసేపు కళ్ళు మూసుకుంది. "శ్రమపడ్డారు," అంది.

మర్నాడు ప్రచురణ సంస్థ ఎడిటరమ్మ చీటీల కోసం ఇంటికొచ్చింది. కట్టలు విప్పి చూసి కుర్చీలో కూలబడింది.

"బాబాయిగారూ, ఒక్కో కుప్ప ఒక్కో మాటది. మాట పైచీటీ మీదే ఉంటుంది. కిందవి దాని అర్థాలు, వాడుకలు. ఏది దేనిదో ఇప్పుడు పిన్నిగారికి తప్ప ఇంకెవరికీ తెలీదు." చేతికందిన చీటీ చదివింది: "హ్యాప్‌హజర్డ్. దీని అర్థం ఏ కట్టలో ఉంది?"

ఆ చీటీతో సహా సంచీ నింపుకుని ఆసుపత్రికి పరుగెత్తాను.

"హ్యాప్‌హజర్డ్‌కి అందరూ చిందరవందర అని రాసేస్తారు," అంది ఆవిడ, దిండుకు ఆనుకుని. "కళ్ళకి చిందరవందరగా ఉన్నదల్లా అది కాదండీ. ముందూ వెనకా చూడకుండా, ఎలా పడితే అలా చేసింది. పనిని అంటారు, ఏర్పాటుని అంటారు. మనిషిని అనడం తక్కువ."

రబ్బరు బ్యాండ్లు వేసి మరీ నేను చేసింది అదేనని అప్పుడు తెలిసింది. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

ఆపరేషన్ అయింది గానీ ఆవిడ మంచం దిగలేదు. రోజూ నేను చీటీ చదవడం, ఏ మాటదో ఆవిడ చెప్పడం, నేను పిన్ను గుచ్చడం. రోజుకు ఇరవై మాటలు దాటేవి కావు. ఇంకా వేలున్నాయి.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "ఆ రోజే నాలుగు తిట్టుండొచ్చు కదే!"

"పదకొండేళ్ళకి నా గదిలోకి వచ్చారు. తిడితే మళ్ళీ రారేమోనని."

చేతిలో ఉన్న చీటీ చదివాను. ఆవిడ దాని మాట చెప్పింది. ఆ తర్వాత మూడో రోజున ఆవిడ పోయింది.