ఊరూ పేరూ లేని ఫిర్యాదు

మావారికి అనుమానం ఎక్కువ. నా మీద కాదు, బ్రౌజర్ల మీద. కంప్యూటర్ కొన్న రోజే అందరూ వాడే విండోస్‌ని ఊడ్చేసి, మాకు తెలిసినవాళ్ళెవరూ వాడని లినక్స్ ఎక్కించారు. ఆ పైన ఏ బ్రౌజర్ పెట్టాలా అని పెళ్ళిసంబంధం చూసినంత విచారణ జరిపారు. ఒకటి మనం చూసినవన్నీ తన యజమానికి మోస్తుందట. ఇంకొకటి మంచిదే గానీ, దాన్ని కొనుక్కున్న కంపెనీ మంచిది కాదట. చివరికి కుదిరినదానికి కూడా కుకీలు మూసి, ప్రకటనలు ఆపి, మా చిరునామా ఎవరికీ దొరక్కుండా దారి మళ్ళించి, "ఇందులోంచి చీమ కూడా బయటికి పోదు" అన్నారు గర్వంగా.

చీమ సంగతేమో గానీ, మా ఆఫీసు సెలవుల సైటు మాత్రం అందులో తెరుచుకోలేదు. మీ బ్రౌజర్ పనికిరాదని మొహం మీదే తలుపేసేది. నేనూరుకుంటానా? మా ఇంట్లో ఉన్నది లినక్స్ అండీ, దానికీ పనిచేసేలా చూడండంటూ ఆఫీసులో కంప్యూటర్లు చూసేవాళ్ళ ప్రాణం తోడేశాను. చివరికి బాగుచేశారు.

మేం పనిచేసేది ఒక బీమా కంపెనీకి వచ్చే ఫోన్లు ఎత్తే ఆఫీసులో. మా సూపర్‌వైజర్‌కి మేం పెట్టుకున్న పేరు గడియారం. సీట్లోంచి లేస్తే చాలు, ఆయన తెర మీద మా పేరు ఎర్రబడుతుంది. బాత్రూమ్‌కి వెళ్ళిన నిమిషాలు కూడా సెలవులో కోసేవాడు. మొన్న నెలలు నిండిన ఒకమ్మాయి లేవబోతే, హాలంతా వినేలా మైకులో "మళ్ళీనా?" అన్నాడు. ఆ పిల్ల తల దించుకుని కూర్చుండిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ వారమే కంపెనీ అందరికీ ఒక ఫారం పంపింది. మీ సూపర్‌వైజర్ గురించి ఉన్నదున్నట్టు రాయండి, పేర్లు అక్కర్లేదు అని. అక్కర్లేదంటేనే నాకు అనుమానం. నాది కాంట్రాక్టు ఉద్యోగం. అది పొడిగించాలంటే గడియారం సంతకం పడాలి. అందుకే ఫారం ఆఫీసులో తెరవలేదు, ఫోన్లోనూ తెరవలేదు. ఇంటికొచ్చి, మావారి కోటలో కూర్చుని, మైకు సంగతి పూసగుచ్చినట్టు రాశాను.

కొన్నాళ్ళకి గడియారం పిలిచాడు.

"మైకు గురించి ఏదో రాశారట కదా మేడమ్?" అన్నాడు నవ్వుతూ.

ఎవరైనా విన్నారేమోనని తలుపు వైపు చూశాను.

"ఆలోచించుకోండి. రేపు మాట్లాడదాం. మీ కాంట్రాక్టు కాగితం కూడా నా దగ్గరే ఉంది."

ఎవరు ఉప్పందించారు? రాశానని నేను చెప్పింది ఒక్కరికే, పక్క సీటు స్నేహితురాలికి. పొద్దున అది గడియారం గదిలోంచి బయటికి రావడం చూశాను. నన్ను చూడగానే ఫోను బోర్లా పెట్టింది కూడా. ఇంకేం కావాలి?

"నువ్వే చెప్పావు కదూ?" అన్నాను, భోజనాల బల్ల దగ్గర అందరి ముందూ.

"ఏం చెప్పానే?"

"నటించకు. నీ కాంట్రాక్టు కోసం నన్ను అమ్మేశావు."

దాని మొహం మాడిపోయింది. తింటున్న డబ్బా మూసేసి లేచి వెళ్ళిపోయింది. తప్పు చేసింది కాబట్టే నోరు రాలేదనుకున్నాను.

సాయంత్రం మావారికి చెప్పాను. ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఫారంతో పాటు అది ఏ రకం కంప్యూటర్ నుంచి వచ్చిందో కూడా వాళ్ళకి తెలుస్తుంది."

"చీమ కూడా బయటికి పోదన్నారుగా!"

"చిరునామా దాచాను. కానీ నేను లినక్స్ మీద ఉన్నానని బ్రౌజరే చెబుతుంది."

"అదెందుకు దాచలేదండీ?"

"దాస్తే కొన్ని సైట్లు మొరాయిస్తాయి. నీ సెలవుల సైటు కోసమే అలా వదిలేశాను. మీ ఆఫీసులో ఇంకెవరింట్లోనైనా లినక్స్ ఉందా?"

ఎవరింట్లో ఉంటుంది! ఉన్న ఒక్క ఇల్లూ మాదేనని నేనే ఫోన్లు చేసి మరీ చాటింపు వేశాను. స్నేహితురాలి మొహం గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

"నేను రాశానని చెప్పు. కంప్యూటర్ నాదేగా" అన్నారాయన మెల్లగా.

మర్నాడు గడియారం కూడా ఆ మాటే అందించాడు. "మీ ఇంట్లో ఎవరో సరదాకి రాశారని పైవాళ్ళకి ఒక్క ముక్క చెప్పండి. ఇప్పుడే సంతకం పెట్టేస్తాను."

మావారి మాట నాలిక చివరిదాకా వచ్చింది. తల దించుకుని కూర్చున్న ఆ పిల్ల కళ్ళ ముందు మెదిలి అడ్డుపడింది.

"రాసింది నేనే సార్. మా ఇంట్లో వాళ్ళెవరూ ఆ మైకు వినలేదు" అన్నాను.

ఆయన కాగితం సొరుగులో పెట్టేశాడు. వెళ్ళమని చెయ్యి ఊపాడు.

వచ్చి సీట్లో కూలబడ్డాను. నిన్నటి నుంచి మొహం తిప్పుకున్న స్నేహితురాలు ఇటు తిరిగింది.

"ఏమన్నాడు?"

అంతా చెప్పాను. క్షమించవే అని కూడా అన్నాను. నా వైపు చూడకుండా అంది: "నిన్న గడియారం నన్నూ పిలిచి అడిగాడు, ఎవరి పేరూ చెప్పలేదు. మైకు సంగతి నేనూ రాశాను, నా ఫోన్లోంచే. ఈ హాల్లో సగం మందిమి రాశాం. మావన్నీ ఒకేలా ఉన్నాయి కాబట్టి ఎవరివో తెలీలేదు."

హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టి లేచింది.

"ఎక్కడికే?" అన్నాను. అప్పుడు కూడా నా గొంతులో అనుమానమే.

"గడియారం దగ్గరికి" అంది. "నా పేరు కూడా చెప్పడానికి."