కుంకుమ కింద రెండో గేరు

నేను ఒక గేరు చక్రాన్ని. గరుడ అనే పాత మోటారుసైకిల్లో రెండో గేరు కోసం పుట్టినదాన్ని. దేవతను కాను మొర్రో అని ఎన్నేళ్ళు మొత్తుకున్నా కోటిలింగం చెవికెక్కలేదు.

కొలిమిలో కాలి, పళ్ళు సానపట్టించుకుని, గ్రీజు కాగితం చుట్టుకుని తెనాలి వచ్చాను. ఆ రోజే బస్టాండు ఎదురుగా కోటిలింగం స్పేరుపార్టుల షాపు తెరిచాడు. పెట్టె విప్పగానే మొదట చేతికొచ్చింది నేను. అదేం ముహూర్తమో, నన్ను కళ్ళకద్దుకుని, పసుపు రాసి, బొట్టు పెట్టి, గూట్లో లక్ష్మీదేవి పటం ముందు కూర్చోబెట్టాడు. మొదటి సరుకు అమ్మకూడదట. నాతో వచ్చిన గేర్లన్నీ అమ్ముడుపోయి రోడ్డెక్కాయి. నాకు మాత్రం శుక్రవారం సాంబ్రాణి, దసరాకు గుమ్మడికాయ. తిరగడానికి పుట్టినదాన్ని కూర్చోబెట్టి మొక్కడం మనుషులకే చెల్లింది. వీధిలో గరుడ బండి పోతుంటే ఆ చప్పుడుకి నా ఒళ్ళు జలదరించేది. వెళ్ళాలని ఎంత ఉండేదో ఎవరికి చెప్పుకోను?

ఏళ్ళు గడిచాయి. కంపెనీ మూతపడింది. వీధిలో ఆ చప్పుడు తగ్గి తగ్గి ఆగిపోయింది. నా మీద కుంకుమ పొరలు పొరలుగా పేరుకుని, లోపల ఉన్నది ఏమిటో కోటిలింగమే మరిచిపోయాడు. అడిగినవాళ్ళకి అమ్మవారని చెప్పేవాడు.

ఒక శుక్రవారం సాయంత్రం రేపల్లె బస్సు దిగి ఇద్దరు వచ్చారు. మాణిక్యమ్మ తన భర్త జోగయ్యను చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. నీటికాసుల జబ్బుతో ఆయన చూపు పోయింది. ఆమె గుడ్డమూట విప్పి, పన్ను విరిగిన గేరొకటి కౌంటరు మీద పెట్టింది. శాంపిలు లేకుండా వస్తే ఏ షాపువాడూ మాట్లాడడని అప్పటికే ఆమెకు తెలిసిపోయినట్టుంది.

"గరుడ బండిదండీ. గుంటూరు, బెజవాడ అన్నీ తిరిగాం. లేతు మిషను మీద చేయించింది నెలకే అరిగిపోయింది."

"కంపెనీయే లేదు కదమ్మా. అది పాత ఇనుముకిచ్చేసి వేరే బండి కొనుక్కోకూడదూ?"

"వేరే బండి ఈయనెక్కరండీ. చూపు పోయాక నేనే తోలడం నేర్చుకుని, పొద్దుగూకేవేళ కాలవగట్టు మీద తిప్పేదాన్ని. ఆ చప్పుడు వింటా, ఇదిగో వంతెనొచ్చింది, ఇదిగో తూమొచ్చింది అని అన్నీ ఆయనే చెప్పేవారు. బండి ఆగాక మాటే తగ్గిపోయింది. బండి సామాను కోసమంటే తప్ప గడప దాటట్లేదు."

కోటిలింగం లేదన్నట్టు తలూపాడు. దీపాలవేళ కావడంతో హారతి వెలిగించి, అలవాటు ప్రకారం షాపులో ఉన్నవాళ్ళకీ చూపించాడు. జోగయ్య కళ్ళకద్దుకుని బొట్టు కోసం చెయ్యి చాపాడు. మాణిక్యమ్మ ఆ చేతిని తెచ్చి నా మీద ఉంచింది. వేలు కుంకుమలో దిగింది. నా పన్ను తగిలి ఆగింది. మెల్లగా పక్క పన్ను మీదికి జరిగింది. ఇన్నేళ్ళలో నేనెవరో తెలుసుకున్న చెయ్యి అదొక్కటే.

"షావుకారుగారూ, ఇది మా బండి సెకండ్ గేరేనండీ" అన్నాడు జోగయ్య.

కోటిలింగం గతుక్కుమన్నాడు. గోటితో గీకి చూసుకున్నాడు. "నిజమేనండీ. కానీ దేవుడి దగ్గరిది తియ్యకూడదు. దీన్ని పెట్టాకే నేను నిలదొక్కుకున్నాను. ఏమీ అనుకోకండి."

జోగయ్య బతిమాలలేదు. "అమ్మవారిదంటే నేనెట్టా అడుగుతానండీ" అని, నుదుట బొట్టు పెట్టుకుని వెళ్ళిపోయాడు. అడగవయ్యా, ఇంకొక్కసారి అడుగు అని గూట్లో నేను గిజగిజలాడాను.

తర్వాతి శుక్రవారం మళ్ళీ వచ్చారు. ఆ తర్వాత కూడా. ఏమీ కొనరు, ఏమీ అడగరు. హారతి తీసుకుని, బొట్టు వంకతో ఆయన నన్ను తడుముకుని, తిరుగు బస్సెక్కేవారు. ఆ కాసేపూ కోటిలింగం అటు తిరిగి నిలబడేవాడు. నేను మాత్రం శుక్రవారాల కోసమే బతికాను.

వానలు మొదలయ్యాక వాళ్ళు రావడం మానేశారు. కోటిలింగం హారతి వెలిగించకుండా వీధిలోకి చూస్తూ కూర్చునేవాడు. చివరికి ఒకనాడు పటానికి దణ్ణం పెట్టుకుని, నన్ను తీసి, కిరోసిన్‌లో వేసి బ్రష్షుతో రుద్ది కడిగాడు. నూనె రాసి, జేబులో వేసుకుని, బస్టాండుకి నడిచాడు. దారిపొడుగునా నా సంతోషం ఇంతా అంతా కాదు.

రేపల్లె బస్సు కండక్టరును పట్టుకుని అడిగాడు. "చూపులేని జోగయ్యగారని, గరుడ బండి ఆయన, ఎరుగుదువా?"

"ఎందుకెరగనండీ, మా ఊరేగా. ఆ బండి మొన్ననే పాత ఇనుమోళ్ళకి ఇచ్చేశారు. గేరు అమ్మవారే అట్టిపెట్టుకుందంట, ఇంక మనకెందుకులే మాణిక్యం అన్నాడంట ఆయన."

కోటిలింగం జేబులో నన్ను ఒకసారి తడుముకున్నాడు. తర్వాత ఆ బస్సే ఎక్కాడు.

జోగయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కోటిలింగం నన్ను తీసి ఆయన చేతిలో పెట్టాడు. అరగని నా పళ్ళను ఒక్కొక్కటే తడుముతుంటే ఆ అరచేతిలో నేను చాలాసేపు తిరిగాను. తన బండి మాట ఆయన ఎత్తనే లేదు.

"పాపం, ఇది ఒక్క మైలైనా తిరగలేదండీ" అన్నాడు జోగయ్య.