పొగమంచు ఎవరి గుమ్మంలో

ఆ వీధికి ఓ వెబ్‌సైట్ ఉంది. దాన్ని చూసుకునేది దిద్దుబాటు పిన్ని. ముప్పై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైంది కాబట్టి ఆ పేరు. జీతం బత్తెం లేని పని. చావు కబురు చేతికిచ్చినా ముందు అచ్చుతప్పులు సరిచేసి, ఆ తర్వాతే ఏడుస్తుందని వీధిలో హాస్యమాడేవాళ్లు.

చలికాలం పొద్దున్నే శాలువా కప్పుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచేది. తర్వాత సంఘం గదిలో పాత కంప్యూటర్ ముందు కూచుని, నీళ్లు ఏ పూట రావో, ఎవరి పిల్లి తప్పిపోయిందో, పొగమంచు ఎవరి గుమ్మంలో నిలబడిందో ఎక్కించేది. లోపల కుమిలిపోతూ పైకి చెప్పనివాళ్ల గుమ్మంలోనే ఆ వీధిలో మంచు ఆగుతుంది. ఎండొచ్చినా కదలదు. ఇంటి నంబరు చూసి, సాయంత్రానికి ఎవరో ఒకరు వెళ్లి తలుపు తట్టి, కాసేపు కూచుని వచ్చేవాళ్లు.

ఆ సోమవారం మంచు తొమ్మిదో నంబరు ముందు నిలబడింది. గడియారాలు బాగుచేసే పెద్దాయన ఇల్లది. ఒంటరివాడు, మాట పడని మనిషి. పిన్ని నంబరు రాసుకోబోతుంటే తలుపు తీశాడు.

“రాయకు చెల్లెమ్మా.”

“ఏమైంది అన్నయ్యా?”

“ఏం కాలేదు. జాలి మొహాలేసుకుని జనం వరసకడితే నా వల్ల కాదు. మాటివ్వు.”

ఇచ్చింది.

మంగళవారం మంచు గడప దాటింది. బుధవారానికి కిటికీ అద్దాలు లోపలివైపు నుంచి తెల్లబడ్డాయి. గురువారం పాలావిడ పరుగున వచ్చింది.

“పనిముట్లన్నీ డబ్బాలో సర్ది, ఎవరికైనా ఇచ్చెయ్యమని నా చేతిలో పెట్టాడు పిన్నీ. గోడ తడుముకుంటూ నడుస్తున్నాడు.”

పిన్ని వెళ్లి తలుపు తట్టింది. “బాగానే ఉన్నాను, వెళ్లు” అని లోపల్నుంచే కసిరాడు. ఆ పూట ఆవిడకి అన్నం సయించలేదు. మాట తప్పితే ఆయన తన మొహం చూడడు. నిలబెట్టుకుంటే చూడ్డానికి ఆయనే ఉండడేమో.

శుక్రవారం కంప్యూటర్ ముందు చాలాసేపు కూచుని, చివరికి పదహారు అని కొట్టింది. అది తన ఇల్లే. అబద్ధమేం కాదు. భర్త పోయి ఇది రెండో చలికాలం. ఆ గుమ్మంలో మంచు ఒక్కరోజూ కదల్లేదు. రోజూ దాన్ని దాటుకునే పిన్ని పనికి వచ్చేది. కళ్లారా చూసినవాళ్లు కూడా, వెబ్‌సైట్లో లేదు కదా అని ఊరుకున్నారు.

సాయంత్రం పాలావిడ వచ్చి వెళ్లింది. దీపాలు పెట్టే వేళకి గోడ పట్టుకుని గడియారాలాయన వచ్చాడు. ఫోనులో అక్షరాలు వేలెడంత చేసుకుని చదివాడట.

“ఎన్నాళ్లనుంచి?” అన్నాడు, కుర్చీ కోసం తడుముతూ.

“ఆయన పోయిన దగ్గర్నుంచి.”

“ఒక్క మాట చెప్పలేదేం?”

“మీరు చెప్పారా?”

ఆయన కుర్చీ దొరకబుచ్చుకుని కూచున్నాడు. “కళ్లు పోతున్నాయి చెల్లెమ్మా. ముళ్లు కనబడ్డం లేదు. డాక్టరు దగ్గరికి వెళ్తే పోయినట్టే అని చెప్పేస్తారని వెళ్లలేదు.”

శనివారం పొద్దున్నే పిన్ని ఆయన్ని వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లింది. కుడికన్ను అప్పటికే పోయింది. ఎడమకంటికి ఆ పూటే ఆపరేషన్ చేశారు. “ఇంకో వారం ఆగుంటే ఇదీ దక్కేది కాదు” అని డాక్టరమ్మ ఇద్దర్నీ కలిపి చివాట్లు పెట్టింది. గడియారాల పని మాత్రం ఇక కుదరదంది. ఆయన తలూపాడు.

ఆదివారం కంటికి కట్టుతో ఆవిడ మోచెయ్యి పట్టుకుని వీధిలోకి తిరిగొచ్చాడు. చలికి తలుపులన్నీ మూసున్నాయి.

“బావగారు ఆఖర్న ఏమైనా అన్నారా?” అని అడిగాడు.

ఇన్నాళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. పోయిన రోజు పొద్దున్న భర్త ఏ చొక్కా అడిగాడో అక్కడి నుంచి పిన్ని మొదలుపెట్టింది. చెబుతూ చెబుతూ తొమ్మిదో నంబరు దాటిపోయింది. తన ఇల్లు వెనకబడిందని పెద్దాయన పాదాలకి తెలిసింది. ఆయన ఆగలేదు, ఆవిణ్ణి ఆపలేదు.