కొరమీనుల బస్సులో సీటు

సబ్బు నురగలోంచి చేతులు పైకి తీసి, బొటనవేలి పక్కన చీలిన చర్మాన్ని ఒక్కసారి నోట్లో పెట్టుకుని చప్పరించి, ప్రయోంగ్ మళ్లీ సాక్సు అందుకుంది. అరికాలి భాగాన్ని గచ్చు మీద పరిచి బ్రష్షుతో రుద్దడం, పిడికిట్లో బిగించి పిండడం, పక్క తొట్టిలోకి విసరడం. క్లబ్బు వాషింగ్ మెషీను పాడై చాలా కాలమైంది. బాగు చేయిస్తామన్నారు. తరువాత దాని మీద బంతుల సంచులు పెట్టడం మొదలుపెట్టారు.

ప్రయోంగ్ పొట్టి మనిషి. ఏళ్ల తరబడి పీట మీద వంగి కూర్చుని ఉతకడం వల్ల లేచి నిలబడినా ఇంకా కూర్చునే ఉన్నట్టు కనిపిస్తుంది. మోకాళ్ల వెనక నరాలు ఉబ్బి మెలికలు తిరిగి ఉంటాయి. వేళ్ల సందులు మండుటెండల్లో కూడా తెల్లగా నానిపోయి ఉంటాయి. అయినా ఈ ఉదయం ఆమె ముఖం కళకళలాడుతోంది. తల మీద కొత్త గడ్డి టోపీ ఉంది. సముద్రం దగ్గర ఎండ చంపేస్తుందని తోప్ చెబితే సంతకు వెళ్లి కొనుక్కుంది.

తోప్, వాంగ్ సాలా ఊరి ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపరు. ఈ సీజనులో జట్టులో అందరికంటే ఎక్కువ ఏడవాల్సినవాడు అతనే, అందరినీ ఎక్కువ నవ్వించిందీ అతనే.

"అబ్బో, పెద్దమ్మా! దూరం నించి చూసి గచ్చు మీద పుట్టగొడుగు మొలిచిందనుకున్నా," అన్నాడు, స్టాండు వెనక నుంచి పళ్లు తోముకుంటూ వచ్చి.

"పోరా వెధవా. నా సీటు సంగతి ఏమైంది?"

"ఏమవుతుంది? డ్రైవర్ పక్క సీటు. కిటికీ నీదే. దారిలో వాంతి వస్తే మాత్రం డ్రైవర్ ఒళ్లోనే కానియ్, నా మీద కాదు."

వెనక బెంచీ మీద కూర్చున్న ఆటగాళ్లు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. ఒకడు తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. ప్రయోంగ్ అటు చూడలేదు. సాక్సు రుద్దుతూ తనలో తానే నవ్వుకుంది.

ఆ రోజు వాంగ్ సాలా జట్టుకు ఆఖరి ఆట. గెలిచినా ఓడినా ఒరిగేదేమీ లేదు. కింది డివిజనుకు జారిపోవడం ఎప్పుడో ఖాయమైంది. క్లబ్బు పెద్దలు లీగులో తమకున్న సభ్యత్వాన్ని సముద్రం ఒడ్డు జిల్లాలోని ఒక రొయ్యల వ్యాపారికి అమ్మేశారు. పేరు మారుతుంది, రంగు మారుతుంది, ఊరు మారుతుంది. ఆట అయిపోగానే జట్టంతా బస్సెక్కి అక్కడికి వెళ్లిపోతుంది.

ఊరి చుట్టూ చెరువులే కాబట్టి క్లబ్బుకు కొరమీను గుర్తు పెట్టారు. పసుపుపచ్చ చొక్కా, గుండెల మీద నల్ల కొరమీను. మొదటి సంవత్సరం వ్యవసాయ కాలేజీ మైదానంలో, గేదెల్ని తోలి ఆడారు. ఆ ఏడాది గెలిచింది ఒక్క ఆటే. తరువాత సుథిన్ అనే మొండివాడు కెప్టెనయ్యాక జట్టుకు రోషం వచ్చింది. వరసగా రెండేళ్లు పై డివిజనుకు ఎక్కారు. ఒక వానాకాలం, కప్పు పోటీలో, బ్యాంకాక్ నుంచి వచ్చిన పెద్ద జట్టును బురదలో పొర్లించి రెండు ఒకటితో ఓడించారు. ఊరు ఊరంతా రోడ్డెక్కింది. ఆ ఊరేగింపులో సుథిన్ చాకిరేవు దగ్గరున్న ప్రయోంగ్‌ను అమాంతం ఎత్తి ట్రక్కు మీద నిలబెట్టాడు. తన బురద చొక్కా ఆమెకు తొడిగి మైకులో అరిచాడు: "ఈవిడే లేకపోతే మేం ఆడేది దిసమొలతోనే!"

జనం విరగబడి నవ్వారు. ఆమెను చూసి ఊరు నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు ఎంత తీయగా ఉందంటే, భర్త పోయిన దుఃఖం కూడా ఆ రాత్రికి తెలియలేదు.

ఆ తరువాత అంతా జారుడే. సుథిన్ మోకాలు విరిగి ఊరొదిలి వెళ్లాడు. సున్నా నాలుగు, ఒకటి ఆరు. సొంత మైదానంలో సున్నా ఏడుతో ఓడిన రోజున జనం సగం ఆటకే లేచి వెళ్లిపోయారు. ప్రయోంగ్ ఒక్క ఆటా పూర్తిగా చూసి ఎరగదు. స్టాండు వెనక తొట్ల దగ్గర కూర్చుని డప్పుల మోతను బట్టి తెలుసుకునేది. ఈమధ్య డప్పుల కంటే పక్క గుంటలోని కప్పల అరుపే ఎక్కువ వినిపిస్తోంది.

క్లబ్బును అమ్మేశారని తెలిసిన రోజున ఆమె తడి చేతులతో బట్టల గదిలోకి వచ్చి, "మరి నేనో?" అని అడిగింది. ఆ ముఖం చూడలేక తోప్ అన్నాడు, "నువ్వు లేకుండానా పెద్దమ్మా? నీకూ సీటుంది." అంతే, తప్పించుకోవడానికన్న మాట. కానీ ఆమె సంబరం చూశాక మిగతావాళ్లకు నోరూరింది. అక్కడ రోజూ పీతల కూరేనని ఒకడన్నాడు. ఈత చొక్కా కొనుక్కోమని ఇంకొకడు. బట్టలు సముద్రంలో ఉతికితే ఉప్పు వేరే కొనక్కర్లేదని తోపే అన్నాడు. ఓడిపోయి వచ్చిన ప్రతి సాయంత్రం వాళ్లకు అదొక్కటే వినోదమైంది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఒకరి మీదొకరు నెట్టుకున్నారు.

మధ్యాహ్నం గేటు ముందు బొప్పాయికాయ సలాడు దంచి అమ్మే సుమాలీ, జిగురన్నం పొట్లం తీసుకుని చాకిరేవు దగ్గరికి వచ్చింది. ప్రయోంగ్ ఉండే సందులోనే ఆమె ఇల్లు.

"అక్కా, నీ కోళ్లు నా కోళ్లతో కలవట్లేదు. రాత్రంతా ఒకటే గోల," అని కూర్చుంది. ప్రయోంగ్ తన నాలుగు కోళ్లనూ నిన్ననే ఆమెకిచ్చేసింది. అద్దె గది కూడా ఖాళీ చేసేసింది. అందులోకి అప్పుడే ఎవరో కొత్త జంట దిగారు. నిన్న సాయంత్రం సందులో వాళ్లంతా చేరి, క్షేమంగా వెళ్లి రమ్మని ఆమె మణికట్టుకు తెల్లదారాలు కట్టారు. మోచేతి దాకా దారాలే.

"ఒక మాట చెబుతా, కోప్పడకు," అంది సుమాలీ. "ఆ కుర్రాళ్ల నవ్వు నాకు నచ్చలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నట్టుంది. మేనేజర్‌ని అడిగావా?"

"ఆయన్నే అడిగాను. విశిత్ బాబు సరేనన్నాడు."

అది నిజమే. మొన్న ఆఫీసు వరండాలో అడిగింది. విశిత్ ఫోనులో ఎవరితోనో వాదిస్తూ, ఆమె వైపు చెయ్యూపి, "ఆ, ఆ, సరే, సరే," అన్నాడు. ప్రయోంగ్‌కు అంతకంటే ఏం కావాలి?

ఆట మొదలైంది. తొట్ల దగ్గర ఆమె చెవులు రిక్కించి కూర్చుంది. చాలాసేపు కప్పలే అరిచాయి. ఆట ముగియవచ్చిందనగా ఒక్కసారిగా డప్పు మోగింది. స్టాండు రేకులు దద్దరిల్లాయి. కొరమీనులు గోలు కొట్టారు! ఆమె లేచి, స్టాండు సందులోంచి తొంగి చూసింది. ఆ వెంటనే ఎదుటి జట్టు దూసుకొచ్చింది. తోప్ గాల్లోకి పక్కకు దూకి బంతిని వేళ్ల చివర్లతో బయటికి నెట్టాడు. "నా బంగారమే!" అని ఆమె గట్టిగా అరిచింది. ఒకటి సున్నా. ఆ ఏడాది సొంత మైదానంలో అదే మొదటి గెలుపు, అదే ఆఖరు.

చెమట చొక్కాలు, వాటితోపాటు తోప్ చేతి తొడుగులు కుప్పగా వచ్చి పడ్డాయి. గెలిచిన చొక్కాలు. బస్సు కదిలేలోగా ఉతికెయ్యాలని ఆమె పిచ్చిదానిలా రుద్దింది. చీలిన వేలి నుంచి నెత్తురు కారి నురగ ఎర్రబడితే ఆ నీళ్లు పారబోసి మళ్లీ పట్టింది. తరువాత ముఖం కడుక్కుని, పువ్వుల జాకెట్టు వేసుకుని, టోపీ సర్దుకుని, ఒక చేత్తో తన సంచి, ఇంకో చంక కింద తడి చొక్కాల బుట్టతో గేటు దగ్గరికి వచ్చింది.

బస్సు ఇంజను అప్పటికే మోగుతోంది. ఆటగాళ్లంతా ఎక్కేశారు. మెట్టు దగ్గర విశిత్ తలలు లెక్కపెడుతున్నాడు.

"ఇవెందుకు తెచ్చావు?" అన్నాడు బుట్ట చూసి. "అక్కడ రంగు వేరు, గుర్తు వేరు. సొరచేపట. అవి పారెయ్."

"ఇప్పుడే ఉతికాను బాబూ. గెలిచిన చొక్కాలు."

"పారెయ్యమన్నానుగా. ఆ సంచి ఎవరిది?"

"నాదే. డ్రైవర్ పక్క సీటు."

విశిత్ ఆమెను, టోపీని, చేతి దారాలను చూశాడు. బస్సులోకి తిరిగి, "ఎవడ్రా ఈవిడకి సీటన్నది?" అని కేకేశాడు.

వెనక సీట్లో ఒకడి ముక్కులోంచి నవ్వు తన్నుకొచ్చింది. దాంతో బస్సంతా పకపకలాడింది. తోప్ మాత్రం నవ్వలేదు. ఫోను మీదికి వంగి ఉన్నాడు, తెర వెలగకపోయినా.

"పెద్దమ్మా, అక్కడ బట్టలకి లాండ్రీ కంపెనీ ఉంది. పిల్లలు సరదాకి అన్నారు," అన్నాడు విశిత్, గడియారం చూసుకుంటూ.

"మీరు కూడా సరేనన్నారు కదా బాబూ."

"నేనా? ఎప్పుడు?"

కిటికీలోంచి ఎవడో అరిచాడు. "వెనకాల ఇంకో బస్సు వస్తోంది పెద్దమ్మా! అందులో ఏసీ ఉంది!"

మళ్లీ నవ్వులు. ప్రయోంగ్ ఆ కిటికీల వైపు చూసింది. పెదవులు రెండుసార్లు కదిలాయి. ఆ తరువాత తనూ నవ్వడం మొదలుపెట్టింది.

"నాకు తెలియదనుకున్నార్రా? మొదటి రోజే తెలుసు. సంచి పట్టుకుని వస్తే మీ మొహాలు ఎలా ఉంటాయో చూద్దామని వచ్చా."

బస్సులో ఈలలు, చప్పట్లు. గుండెల మీద బరువు దిగిపోయినట్టు అందరూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. "ఓర్నాయనో, పెద్దమ్మే మనందరికీ టోపీ పెట్టిందిరోయ్!"

తలుపు మూసుకుంది. బస్సు మలుపు తిరిగేదాకా ఆమె చెయ్యూపుతూనే ఉంది. చెయ్యి దించాక ఎటు నడవాలో తోచలేదు. సందులో దీపాలు వెలుగుతున్నాయి. అక్కడ ఆమె గదిలో ఇంకెవరో వంట చేసుకుంటున్నారు. దారాలు కట్టినవాళ్లు అరుగుల మీద కూర్చుని ఉంటారు. వాళ్ల ముందు నుంచి ఈ టోపీతో, ఈ సంచితో నడిచి వెళ్లాలి. ట్రక్కు మీద నిలబడి విన్న నవ్వు కాదు ఇప్పుడు వినబోయేది.

చాకిరేవుకు వెనక్కి వెళ్లి, బుట్టలోని తడిబట్టలన్నీ ఒక్కొక్కటే దులిపి ఆరేసింది. తరువాత రోడ్డు మీదికి వచ్చి, రైల్వే స్టేషను వైపు పోయే షేరు ట్రక్కును ఆపింది.

"సముద్రానికేగా? జట్టుతో పోలేదేం?" అన్నాడు డ్రైవరు.

"బస్సులో కాళ్లు చాపుకోడానికుండదు. రైల్లో వస్తానన్నా."

ఏ రైలెక్కిందో, ఎక్కడ దిగిందో ఎవరికీ తెలియదు. వాంగ్ సాలాలో ఎవరూ ఆరా తీయలేదు. తీయాల్సిన పనేముంది? ప్రయోంగ్ సముద్రం ఒడ్డున ఉంది, రోజూ పీతల కూర తింటోంది. సొరచేపలు మొదటి ఆటలోనే సున్నా మూడుతో ఓడాయని రేడియోలో వచ్చినప్పుడు సందులో ఒకావిడ, "పాపం, మన ప్రయోంగ్‌కి ఎన్ని బట్టలు పడ్డాయో," అంది. సుమాలీ రోకలి ఆపకుండా బొప్పాయికాయ దంచుతూ ఉండిపోయింది. ఆమెకు అసలు సంగతి బస్సు వెళ్లిన మర్నాడు పొద్దున్నే తెలిసింది. మిగిలిన సబ్బు ఏదైనా ఉందేమోనని చాకిరేవుకు వెళ్లింది. తీగ మీద పసుపుపచ్చ చొక్కాలు ముడత లేకుండా ఆరేసి ఉన్నాయి. గోడ పక్కన, నీడలో, నేలలో గుచ్చిన రెండు వెదురు పుల్లలకు గోల్‌కీపరు చేతి తొడుగులు తొడిగి ఉన్నాయి, వేళ్లన్నీ పైకి విడదీసి, ఒక చిటికెన వేలి కుట్టు ఊడితే తెల్లదారంతో కొత్తగా కుట్టి.