నూట అరవై వంతెనలు

గురువారం పొద్దున డ్యూటీ చార్టులో, తన పేరుకెదురుగా శుక్రవారం గడిలో, మేట్రన్ చుట్టిన ఎర్ర సున్నా చూసి దయారాణి కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. సెలవు. రత్నబాబుకి పోర్టులో ఎలాగూ శుక్రవారమే సెలవు. పెళ్ళయి గల్ఫ్‌లోని ఈ ఖోర్ ఫక్కాన్‌లో కాపురం పెట్టిన పదకొండు వారాల్లో ఇద్దరికీ ఒకేరోజు సెలవు దొరకడం ఇదే మొదలు. ఆ పూట ఆమె ఇంజెక్షన్ ఇస్తూ కూడా నవ్వుతుంటే, పడక మీది ముసలాయనకి అనుమానమొచ్చి సూది వైపు మరోసారి చూశాడు.

మధ్యాహ్నం క్వార్టర్స్‌కి వచ్చేసరికి రత్నబాబు గుమ్మం ముందు సైకిల్ తుడుస్తున్నాడు. క్రేన్లు చూసే ఆస్ట్రియా ఇంజనీరు కాంట్రాక్టు ముగించుకుని వెళ్తూ ఇచ్చిపోయిన కొండల సైకిల్ అది. ట్రాక్టరు చక్రాలకి తమ్ముళ్ళలా లావుపాటి టైర్లు, పద్దెనిమిది గేర్లు. బెల్లు లేదు, మడ్‌గార్డు లేదు, స్టాండు లేదు, క్యారియర్ అసలే లేదు. దాంతోపాటు చేత్తో గీసిన దారి పటం ఒకటి ఇచ్చాడు. మూడు వాదీలు, అంటే ఎండిన కొండవాగులు, దాటాలి, మధ్యలో ఒక కనుమ ఎక్కాలి. తమ దేశంలో మంచు కొండల మధ్య సైకిల్ మీద వచ్చేవాళ్ళ కోసం గుడిసెలుంటాయనీ, వేడి సూపు, పడక ఇస్తారనీ చెప్పి, ఇక్కడ వాటికి బదులుగా మూడు చోట్లు గుర్తుపెట్టాడు. పంపు గది, పఠాన్ చాయ్ కొట్టు, మేకల వాళ్ళ రాతి గుడిసె.

"రేపు నాకు సెలవండీ," అంది దయారాణి.

రత్నబాబు మొహం వెలిగింది. మరుక్షణం చూపు పటం మీదికి పోయింది. రేపు ఆ దారి మొత్తం తొక్కి చూపిస్తానని అతను పోర్టులో కనబడ్డ ప్రతివాడికీ చెప్పి ఉన్నాడు. దయారాణి ఆ చూపు గమనించింది. పైకి మాత్రం,

"మీరు వెళ్ళిరండి. నేను కిటికీ దగ్గర కూర్చుని కొండని చూస్తుంటాను. కొత్తగా పెళ్ళయినవాళ్ళకి కొండని చూడటం మంచిదట," అంది.

"కిటికీ దగ్గరెందుకు? నా వెనకాల కూర్చో. పోశయ్య చేత క్యారియర్ వేయిస్తాను."

"ఎంత దూరం?"

"ముప్పై ఆరు కిలోమీటర్లే. మా రేపల్లె నుంచి తెనాలికి ఇద్దర్నెక్కించుకుని తొక్కినోణ్ణి నేను."

"ఆ దారిలో కొండలున్నాయా?"

"కాలవ వంతెనుంది," అన్నాడు గంభీరంగా. "దానికి ఎనిమిదడుగుల ఎక్కుడు. ఈ కనుమ పదమూడొందల అడుగులు. అంటే సుమారు నూట అరవై వంతెనలు. వంతెనకి అరనిమిషం చొప్పున ఎనభై నిమిషాలు. ఏముంది ఇందులో?"

కాగితం మీద లెక్క వేసి మరీ ఉంచాడు. పుట్టి బుద్ధెరిగాక కాలవ గట్టు కంటే ఎత్తయింది తొక్కని మనిషి, రాళ్ళ కొండని వంతెనల్లో కొలుస్తున్నాడు. దయారాణి నవ్వాపుకోలేక లోపలికెళ్ళి చాయ్ పెట్టింది.

వర్క్‌షాపులో వెల్డర్‌గా చేసే జగిత్యాల పోశయ్య, పాత క్యారియర్ ఒకటి భుజాన వేసుకొచ్చి సైకిల్ చుట్టూ తిరిగాడు.

"ఏంది బాబన్నా, గిన్ని గేర్లు వెట్టినోనికి పెండ్లాం కూసునే జాగ యాదికి లేదా? వెల్డింగ్ గొడ్తె పైపు ఖరాబైతది. బోల్టులు బిగిస్త." పది నిమిషాల్లో చేతులు దులుపుకున్నాడు. "ఖలాస్. యల్లా, ఎక్కు చెల్లె."

క్వార్టర్స్ వెనక నీళ్ళ ట్యాంకు దాకా వంద గజాల ఎక్కుడు. గేరు ఎంత బిగువైతే అంత బలమని నమ్మి రత్నబాబు అన్నిటికంటే బిగువు గేరు పెట్టాడు. దయారాణి పక్కకి తిరిగి కూర్చుంది. పది గజాలు రాజాలా, పది గజాలు కూలీలా సాగింది. ఆ తర్వాత ముందు చక్రం కొత్త దూడ కాలులా గాల్లోకి లేచింది. దయారాణి చల్లగా జారి నేల మీద నిలబడింది.

"ఇప్పటికి ఎన్ని వంతెనలైనయే బాబన్నా?" కిందినుంచి అడిగాడు పోశయ్య.

"సగం," అన్నాడు రత్నబాబు, ఊపిరికీ ఊపిరికీ మధ్య.

దయారాణి అతని మణికట్టు పట్టుకుని వాచీ చూసింది. "నాడి నూట నలభై. ఇంకా నూట యాభై తొమ్మిదిన్నర మిగిలాయి."

అతను నవ్వలేదు. రాయి మీద కూలబడి చెమట తుడుచుకున్నాడు. పోశయ్య ఏదో పనున్నట్టు పానాలు ఏరుకుని వెళ్ళిపోయాడు.

"ఒక్కణ్ణే అయితే ఎలాగో దేకుతాను రాణీ," అన్నాడు నెమ్మదిగా. "కానీ రేపు నిన్నొదిలి వెళ్ళాలని లేదు. వెళ్ళకపోతే పోర్టులో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

ఆ మాటలో మొదటి సగం చాలు దయారాణికి. రెండో సగానికి ఉపాయం వెతుకుతూ ఆమె సైకిల్ వైపు చూసింది. డ్యూటీ ప్యాంటు ఇంకా మార్చుకోలేదు. గుంటూరు నర్సింగ్ స్కూల్లో మూడేళ్ళు సైకిల్ మీదే వార్డుకి వెళ్ళిన కాళ్ళు. సీటెక్కి, హ్యాండిల్ మీది మీటల్ని అటూ ఇటూ తోసింది. గొలుసు టకటకమంటూ పళ్ళ మీద నుంచి పళ్ళ మీదికి దూకి, చివరికి వెనక పెద్ద పళ్ళచక్రం మీద కుదురుకుంది. పెడల్ వెన్నలా తిరిగింది. కాళ్ళు గిరగిరా తిరుగుతున్నాయి, సైకిల్ మాత్రం చీమలా పాకుతోంది. కానీ పాకుతోంది, ఆగడం లేదు.

రత్నబాబు లేచి పక్కన నడిచాడు. తొందరపడాల్సిన పనే లేదు.

"ఇంత నిదానంగానా?" అన్నాడు.

"అదేగా మంచిది. పక్కన నడిచేవాళ్ళతో కబుర్లు చెప్పుకోవచ్చు."

ట్యాంకు దగ్గరికి చేరేసరికి అతని మొహంలో ఉక్రోషం పోయి ఆశ్చర్యం మిగిలింది. కింద సముద్రం, ఓడలు, క్రేన్లు అన్నీ బొమ్మల్లా ఉన్నాయి.

"పోర్టులో ఏం చెప్పను?"

"మా ఆవిడ తొక్కింది, నేను నడిచానని చెప్పండి. నవ్వితే నవ్వనివ్వండి. వాళ్ళకి శుక్రవారం ఎవరున్నారు నవ్వించడానికి?"

అతను పటం విప్పి మొదటి గుర్తు మీద వేలు పెట్టాడు. ఓడ బయలుదేరే వేళ ప్రకటించినట్టు గొంతు సవరించుకున్నాడు.

"సరే. రేపు తెల్లారగట్ల అయిదింటికి బయలుదేరదాం. పంపు గది దాకానే. ఎక్కుడంతా నువ్వు తొక్కు, నేను నడుస్తా. వచ్చేటప్పుడు దాన్ని తోసుకుంటూ ఇద్దరం నడిచి వద్దాం. సాయంత్రమైతే అవనీ."